మైకు బాబాయి పాట

బస్టాండులో ఏ బస్సు ఎటు పోతుందో మైకులో చెప్పీ చెప్పీ ఆయన అందరికీ మైకు బాబాయి అయిపోయాడు. నోరు నిండుగా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా పలికే అలవాటు. గొంతుకి ఆపరేషనయ్యాక ప్రాణమైతే దక్కింది గానీ మాట పోయింది. ఇప్పుడు పార్సిలు గదిలో మూటలకి చీటీలు అంటిస్తున్నాడు. గొంతు ఇచ్చిన దేవుడే లాక్కున్నాడు, ఇంక ఆ దేవుడితో నాకేం పని అన్నట్టు చెయ్యి విసిరి, ఏడాదిగా చర్చి గడప తొక్కలేదు.

క్రిస్మస్ పొద్దున భార్య, "పాడకపోతే మానె, నా పక్కన నిలబడండి చాలు," అని బతిమాలి తీసుకెళ్లింది. బయట మంచు, లోపల కొవ్వొత్తుల వెలుగు. పాట అందుకోగానే, కలలో కదిలినట్టు, ఆయన పెదాలు వాటంతటవే కదిలాయి. కళ్లు మూసుకుని పాటంతా చప్పుడు లేకుండా పాడేశాడు. కళ్లు తెరిచేసరికి ముందు వరస ముసలావిడ వెనక్కి తిరిగి ఆయన నోటినే చూస్తోంది. పక్కనున్న కూతురు నొచ్చుకుంటూ, "ఏమనుకోకండి బాబాయ్. అమ్మకి చెవులు వినపడవు, పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. ఇంతమందిలో మీ పాట ఒక్కటే తెలిసిందట," అంది. "ఇంకోటి పాడు నాయనా," అంది ముసలావిడ. ఆయన నెమ్మదిగా కిటికీ వెలుగులోకి జరిగి, ఆవిడకి ముఖం చూపిస్తూ, "స్తోత్రం" అని పెదాలు కదిపాడు.

"స్తోత్రం!" అంది ముసలావిడ, చర్చి అంతా వినబడేలా.