ఆ కన్ను చూస్తున్న చోటు

నిన్న మా ఆఫీసు తలుపులకు రంగులు వేశారు. టర్పెంటైన్ వాసన తగలగానే తెనాలిలో జ్ఞానరత్నం మాస్టారి ముందుగది గుర్తొచ్చింది. ఆయన మా బడిలో డ్రాయింగు చెప్పేవారు. నా చేతికి టీస్క్వేరు ఇచ్చి, కొలతలతో గీయడం నేర్చుకోమని పాలిటెక్నిక్‌కు పంపింది ఆయనే. ఆ గదిలో, చనిపోయిన భార్యది, ఆయన వేసిన పెద్ద బొమ్మ ఉండేది. ముఖమంతా ముక్కలు: చెంప ఎదుటినుంచి, చెవి వెనకనుంచి, గడ్డం కిందినుంచి, మధ్యలో మిగతా వాటికి రెండింతలున్న ఒకే కన్ను. ముక్కల మధ్య నల్లటి అడ్డపట్టీలు. చూసినవాళ్లు కొత్త పద్ధతి బొమ్మ అనేవారు. పొద్దు వాలాక దానికి వీపు పెట్టి కూర్చోవడానికి నాకు మనసొప్పేది కాదు.

నేను డిప్లొమా ముగించిన వేసవిలో, బాపట్లలో మేనత్త దగ్గర పెరిగిన మాస్టారి కూతురు రూతు వచ్చింది. తల్లి పోయేనాటికి ఆమె చంటిపిల్ల. తల్లి ఫొటో ఒక్కటీ లేదు.

“అన్నయ్యా, నువ్వు చదివింది ఇదేగా. ఈ ముక్కలు కలిపి మా అమ్మ ఎట్టా ఉండేదో చూపించవా? నాన్ననడిగితే గోడమీది ఈ బొమ్మే చూపిస్తాడు.”

ట్రేసింగు కాగితం పరిచి, ముక్కలన్నీ ఒకే కొలతకు తెచ్చి, పట్టీలు తీసేసి కలిపాను. ముఖం వచ్చింది. ఎక్కడా కొలత తప్పలేదు. రూతు కాసేపు చూసి కాగితాన్ని దూరంగా జరిపింది.

“శవం మొహంలా ఉందన్నయ్యా.”

నాకూ అలాగే అనిపించింది. అప్పుడే మాస్టారు లోపలికి వచ్చి కాగితం చూశారు.

“పట్టీలేవిరా?”

“అవి ఖాళీలు కదండి.”

“కిటికీ చెక్కలు. రేపల్లె ఆసుపత్రిలో క్షయ వార్డువి. చంటిపిల్లతో లోపలికి రానివ్వలేదు. ఆదివారం ఆదివారం బయట నిలబడి సందుల్లోంచి చూసేవాణ్ణి. ఎంత కనిపిస్తే అంత. ఆఖరిసారి సందుకు కన్ను ఆనించింది. ఒక్క మాటా అనలేదు. నావైపు చూడను కూడా లేదు. నామీద కోపంతోనే పోయిందిరా.”

నేను మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లాను. కనుగుడ్డు మధ్యలో లేదు. మనకు ఎడమగా, కిందికి ఒరిగి ఉంది. ఆ చూపు వెంట దారం పట్టి చూశాను. కిటికీ బయట నిలబడ్డ మాస్టారి ముఖానికి అది రాదు. ఆయన ఎడమపక్కకు, నడుము ఎత్తుకు వస్తుంది.

“పాపను ఏ చంకన ఎత్తుకునేవారండి?”

మాస్టారి ఎడమచేయి మెల్లగా మడతపడి, ఏదో బరువు మోస్తున్నట్టు నడుం పక్కన ఆగింది. రూతు వచ్చి ఆ చేతి పక్కనే మోకాళ్లమీద కూర్చుని బొమ్మలోని కన్నువైపు తలెత్తింది. చీకటి పడింది. దీపం పెట్టమని ఎవరమూ అనలేదు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఎవరింట్లో పోయినవాళ్ల పటం కనిపించినా, ముఖంకన్నా ముందు అది చూస్తున్న చోటు వెతుకుతాను. చాలా ఇళ్లలో అక్కడ ఎవరూ ఉండరు. అయినా నేను ఆ చోట నిలబడను. పక్కకు తప్పుకుంటాను.