జబ్బలో దారి మళ్ళిన నరం

వైద్య కళాశాలలో శవాలను కోసి పాఠం చెప్పే హాలుకు ఆయన ఇరవై ఆరేళ్లుగా అటెండరు. దానంగా వచ్చిన దేహాలను ఫార్మలిన్ తొట్టిలోంచి తీసి బల్ల మీదికి చేర్చడం, పాఠం అయ్యాక తడిగుడ్డ కప్పడం, పరీక్ష రోజున పిల్లలు పేరు చెప్పాల్సిన నరానికి రంగుదారం కట్టడం ఆయన పని. అందుకే పిల్లలు ఆయన్ని దారాల బాబాయ్ అనేవారు. పదో తరగతి గట్టెక్కని మనిషే గానీ, ప్రొఫెసరు నోట నరం పేరు పూర్తయ్యేలోపే దానికి ముడి పడిపోయేది.

భుజం నుంచి మోచేతి దాకా నరాలు దిగే తీరు ఆయనకు కంఠతా వచ్చు. మోచెయ్యి వంచే కండకు విడిగా ఒక నరం వెళ్ళాలి. దాని పక్కనే దిగే పెద్ద నరం జబ్బలో ఎక్కడా కొమ్మ వెయ్యకుండా కిందికి పోవాలి. పుస్తకంలో ఉన్నది అంతే. అయితే ఏడాదికో రెండేళ్లకో ఒక దేహంలో ఆ విడి నరం కనబడేది కాదు. పెద్ద నరమే దారిలో ఓ పోగు విడిచి, ఆ కండ పని కూడా చూసుకునేది. పిల్లలు తికమకపడి బాబాయ్ కోసం కేకేసేవారు.

"పుస్తకం ఒక్కటే, చేతులేమో వేలకు వేలు," అనేవాడాయన. "ఈ పెద్దాయన బతికినన్నాళ్లూ ఈ చేత్తోనే అన్నం తినుంటాడు. కంగారు పడకండి."

యాభై నాలుగో ఏట ఆయన కుడి జబ్బ లోపలివైపు చిన్న గడ్డ తేలింది. మొదట నిమ్మగింజంత ఉన్నది ఏడాది తిరిగేసరికి రేగుపండంతయింది. నొక్కితే బొటనవేలి దాకా జివ్వుమనేది. ఎవరికీ చెప్పలేదు. అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టే ఆయన భార్య ఒకరోజు కాఫీ ఇస్తూ కనిపెట్టింది.

"ఎడంచేత్తో తాగడం ఎప్పట్నుంచి?"

"ఊరికేనే."

"ఊరికే ఎవరూ చెయ్యి మార్చరు. చొక్కా విప్పండి."

మర్నాడు ఆవిడే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ సర్జనుగా ఉన్నది పన్నెండేళ్ల కిందట ఆయన కట్టిన దారాలు చూసి పరీక్ష గట్టెక్కిన అమ్మాయే. స్కాను చూసి, "నరం తొడుగు మీద పుట్టిన గడ్డ బాబాయ్. చెడ్డరకంలా లేదు. ఎక్కువసార్లు ఇలాంటివి నరానికి దెబ్బ తగలకుండానే వచ్చేస్తాయి," అంది.

ఇంటికెళ్ళే దారంతా ఆ 'ఎక్కువసార్లు' అన్న మాటే తిప్పి తిప్పి అనుకున్నాడాయన. మిగతా ఆ కొన్నిసార్లు ఎలా ఉంటాయో ఆయనకు తెలుసు. చెయ్యి పడిపోతే తన బతుకు ఏ బల్ల దగ్గర నిలబడాలి?

ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఆయనే వద్దన్నాడు. మెడ దిగువన సూది వేసి కుడిచెయ్యి మొత్తం తిమ్మిరెక్కించారు. మొహానికీ చేతికీ మధ్య ఆకుపచ్చ తెర కట్టారు. అవతలివాళ్ల మాటలు మాత్రం వినబడుతున్నాయి.

"గడ్డ మీద నుంచి సన్నపోగు ఒకటి పోతోంది," సర్జను పక్కనున్న డాక్టరుతో అంటోంది. "ఈ నరానికి ఇక్కడ కొమ్మలుండవు. గడ్డదే అయ్యుంటుంది. కత్తెర ఇవ్వండి."

"అమ్మా, ఒక్క నిమిషం," అన్నాడాయన తెర ఇవతల నుంచి. "ఆ పోగు ఎటు పోతోంది?"

"బయటివైపుకి. కండలోకి."

"మరి కండకు పోయే విడి నరం కనబడిందా?"

పళ్ళెంలో పరికరాలు కదిలిన చప్పుడైంది.

"అది ఉండాల్సిన చోట లేదు బాబాయ్."

"అయితే నాదీ ఆ రకం చెయ్యేనేమో. తుంచకండి. ముందు తట్టి చూడండి."

నరాన్ని సన్నటి కరెంటుతో తట్టే పుల్ల ఒకటి ఉంటుంది. మత్తు పైనెక్కడో పట్టి ఉన్నా, కింద నరాన్ని తాకితే కండ కదులుతుంది. ఆవిడ ఆ పోగును అలా తాకింది. మోచెయ్యి దానంతటదే వంగి తెరను ఎత్తింది. ఆయనకు స్పర్శ తెలియలేదు గానీ గుడ్డ లేవడం కనిపించింది.

"ఇన్నేళ్లూ నా మాట విన్న చెయ్యి, ఇవాళ మీ మాట వింటోందమ్మా," అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. సర్జను మాత్రం కత్తెర కింద పెట్టి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పోగును గడ్డ మీద నుంచి వెంట్రుకవాసి చొప్పున విడదీయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత గడ్డ, కాయలోంచి గింజ జారినట్టు వచ్చేసింది.

సాయంత్రం దాకా చెయ్యి దుంగలా పక్కన పడి ఉంది. వందలమందికి కంగారు పడొద్దని చెప్పినవాడికి, ఆ మాట తనకు తాను చెప్పుకోవడం చేతకాలేదు. ఐదింటికి వేళ్లు చిమచిమలాడాయి. కళ్లు గట్టిగా మూసుకుని భార్యను అడిగాడు.

"వంగుతోందా?"

"కళ్లు తెరిచి చూసుకోండి."

మోచెయ్యి నెమ్మదిగా వంగింది. బొటనవేలు చిటికెనవేలిని అందుకుంది. ఆయన ఇంకోసారి వంచి చూసుకున్నాడు. ఆవిడ పైటకొంగుతో ఆయన మొహం తుడిచి, అదే కొంగుతో తన కళ్లూ ఒత్తుకుంది.

సర్జను వచ్చి మంచం పక్కన నిలబడింది. "నేను తుంచేసేదాన్ని బాబాయ్."

"తుంచలేదుగా. వెళ్ళి ఏమైనా తినండమ్మా, పొద్దున్నించీ నిలబడే ఉన్నారు."

గడ్డ చెడ్డది కాదని పదోరోజున కాగితం వచ్చింది. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, పెరట్లో తడిసిన దుప్పటి రెండో కొస పట్టుకోమంది ఆయన భార్య. ఇద్దరూ చెరోవైపు మెలితిప్పారు. నీళ్ళు ధారగా కారి ఇద్దరి కాళ్లూ తడిపాయి.

"కాస్త మెల్లగా, చిరిగిపోతుంది," అని కసిరింది.

పెళ్లయిన ముప్పయ్యేళ్లలో ఆవిడ కసిరితే ఆయనకు అంత హాయిగా అనిపించడం అదే మొదటిసారి.