ఖాళీ లారీలో వెనక్కి వెళ్ళిన పెట్టెలు

మొన్న మా కంపెనీలో ఒక కన్సల్టెంటుగారు తెరమీద గుండ్రటి బొమ్మ వేసి, వాడిన వస్తువు చెత్తలోకి పోకుండా మళ్ళీ పనిలోకి ఎలా రావాలో గంటసేపు వివరించారు. దాన్ని సర్క్యులర్ ఎకానమీ అంటారట. అందరూ రాసుకున్నారు. నాకు మాత్రం మా తోడల్లుడు గుర్తొచ్చి సమోసా రుచించలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఇద్దరం ఫరీదాబాద్‌లో ఒకే పంపుల ఫ్యాక్టరీలో ఉండేవాళ్ళం. నేను ప్లానింగ్‌లో ఇంజనీరును. మా మరదలి భర్త అయిన అతను డిప్లొమా చదివి స్టోర్స్‌లో చేరాడు. ఫౌండ్రీ నుంచి విడిభాగాలు చెక్కపెట్టెల్లో వచ్చేవి. మేకులు కొట్టిన మూతల్ని గునపంతో పగలగొట్టేవాళ్ళు. ఆ చెక్కంతా చలికాలంలో గేటు దగ్గర వాచ్‌మన్ల మంటకు. ఆ ఏడాది డిప్యూటీ మేనేజర్ కుర్చీ ఒకటి ఖాళీ అయింది. దానిమీద కన్నేసి, పెట్టెల్ని తిరిగి వాడుకోవడం గురించి నేనొక లావుపాటి రిపోర్టు రాశాను. రంగుల పటాలతో, కాగితానికి ఒకవైపే అచ్చు వేయించి. అందులో మొదటి సిఫారసు, ఒక కమిటీ వేయాలని.

కమిటీలో ఎవరుండాలో తేలకముందే మా తోడల్లుడు లారీ డ్రైవరుతో టీ తాగాడు. “భయ్యా, వాపస్ ఏం తీసుకెళ్తావు?” అంటే, “ఖాళీ హీ జాతా హూఁ, సాబ్,” అన్నాడట. అంతే. ఫౌండ్రీవాళ్ళకు మేకుల బదులు బోల్టులు పంపాడు. మూతలు విరక్కుండా ఊడదీయించి, పెట్టెల్ని అదే లారీలో వెనక్కి ఎక్కించాడు. నెల తిరిగేసరికి నూనెమరకలతో అవే పెట్టెలు పాత చుట్టాల్లా వచ్చి దిగేవి. చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. “గేటు దగ్గర మంటకు చెక్క లేదట, మీ రిపోర్టు పంపరాదూ,” అంది మా ఆవిడ.

ఒకరోజు జనరల్ మేనేజర్ ఇద్దర్నీ పిలిచి, ఈ ఆలోచన ఎవరిదన్నారు. “రిపోర్ట్ భాయ్‌సాబ్‌ది సర్. నేను పెట్టెలు ఎక్కించానంతే,” అన్నాడతను హిందీలో. నా రిపోర్టు అతను తెరిచైనా చూడలేదని నాకు తెలుసు. జనరల్ మేనేజర్ నావైపు తిరిగారు. “కాదు సర్, అతనిదే,” అంటే సరిపోయేది. నేను గొంతు సవరించుకుని, వినయంగా తల వంచుకున్నాను. కుర్చీ నాదైంది.

బయటికొచ్చాక, “ఎందుకలా చెప్పావ్?” అన్నాను.

“మీకు కుర్చీ కావాలి కదండీ అన్నయ్యగారూ. నాకు లారీ టైమైంది,” అని వెళ్ళిపోయాడు.

కుర్చీ దొరికితే అసూయ పోతుందనుకున్నాను. ఆ తరవాత కుర్చీలు చాలానే మారాను. వయసుతో ఆకలి తగ్గింది, కోపమూ కొంత తగ్గింది. అంత హాయిగా లారీవైపు నడిచిపోయిన ఆ మనిషిమీద కుళ్ళు మాత్రం ఇరవయ్యేళ్ళయినా నిన్నటిదానిలాగే ఉంది.