టిప్పర్‌కు బండిపూజ

ఎయిర్‌పోర్టు దారిలో తిరిగే టిప్పర్లను చూసి, బొమ్మ ఇటుకలతో నేనే ఒకటి కట్టి మోటారు బిగించాను. రేపు కాలేజీ ప్రదర్శనలో అది నడవాలి. ఈ సాయంత్రం నాయనమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. రిమోట్ నొక్కాను. చక్రమంత ఉన్న నిమ్మకాయను తొక్కలేక గేర్లు కటకటలాడాయి.

"నాయనమ్మా, మోటర్ కాలిపోతది! తీసెయ్యి!"

"తొక్కకుంట బండిని బయటికెట్ల పంపుత? జర ఆగు," అంటూ ఫ్రిజ్‌లోంచి ఒక ద్రాక్షపండు తెచ్చింది. "బండి చిన్నదని దేవునికి తెల్వదా?"

టిప్పర్ ద్రాక్షను చితకతొక్కి దర్జాగా దాటింది. నాయనమ్మ దానికి దండం పెట్టి, నావైపు తిరిగి, "ఇగ మెల్లగ నడుపు బిడ్డా, రోడ్లు మంచిగ లేవు," అంది.

బల్ల మీద తిరిగే బండికి ఇంత జాగ్రత్త మీ ఇంట్లో ఎవరైనా చెప్పారా?