అత్తరు సీసాలో పంజరం

సీమోను మూడేళ్లు కష్టపడి ఒక పంజరం కట్టాడు. అది కంటికి కనిపించదు. అందుకే ఎమ్మెస్సీ చదివి ఖాళీగా తిరుగుతున్నాడని మాదన్నపేటలో సగం మంది అనుకునేవాళ్లు.

అతని తండ్రి ఎల్లప్ప ఒక ప్రభుత్వ కర్మాగారంలో బాయిలరు దగ్గర పనివాడు. తల్లి ఆగమ్మ మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మేది. ఆదివారం ముగ్గురూ చర్చికి పోయేవాళ్లు. 1972లో సీమోనుకు నగరం అవతల ఒక పెద్ద పరిశోధనాలయంలో ఫెలోషిప్పు దొరికింది. ముందు పచ్చిక, గేటు దగ్గర పూలకుండీలు, లోపల ప్రతి పేరు ముందూ ఒక 'డాక్టరు'. అక్కడికి రెండు బస్సులు మారి పోయేవాడు.

పంజరం అంటే ఏమిటో అదే గల్లీలో ఉండే నాకు దస్తగీర్ అత్తరు దుకాణం మెట్ల మీద కూర్చుని చెప్పాడు. ఇంటర్ తప్పి, లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా చదివే నాలాంటివాడికి చెప్పడం కష్టమే. అయినా ఓపిగ్గా రెండు చేతుల వేళ్లూ ఎదురెదురుగా ఆనించి, మధ్యలో ఖాళీ చూపించాడు.

"గీ ఖాళీల సోడియం పడ్తది. పొటాషియం జర పెద్దది, ఇముడది. లిథియం చిన్నది, నిలువది. అన్నీ కలిపి ముందల పోసినా, నా అణువు సోడియాన్నే గుర్తువట్టి లోపటికి గుంజుకుంటది."

"కండ్లు లేకుంటనేనా?" అన్నాను.

"కండ్లున్నోళ్లకు మస్తు కనవడ్తున్నదా ఏంది?"

బయటి దేశాల్లో కూడా ఈ విద్య కొత్తదే. కిరీటం ఆకారంలో ఉన్న ఒక అణువు పొటాషియాన్ని పట్టి ఉంచుతుందని 1967లో అచ్చయింది. రెండేళ్ల తర్వాత పంజరాలు వచ్చాయి. వాటిని లైబ్రరీలో చదివి, తన పంజరానికి తనే నక్షా గీసుకున్నాడు సీమోను. అతని గైడు ఆనందరావుది పురుగుమందుల రసాయనం. ఈ కుర్రాడి గొడవ ఏమిటో ఆయనకు సగమే అర్థమైంది, కానీ కొత్త విషయం కాబట్టి సంస్థకు పేరొస్తుందని సరేనన్నాడు.

మూడో ఏడు పంజరం తయారైంది. ఖాళీ పంజరం నూనెలాంటి చిక్కటి ద్రవం. సీమోను దాన్ని చిన్న సీసాల్లో పోసి మూత బిగించి, అందులో కార్బన్ ఎంత, నత్రజని ఎంత ఉందో తేల్చడానికి పరీక్షకు పంపేవాడు. వంతు వచ్చేసరికి వారాలు పట్టేది. ఆలోపు సీసా గోడలకు స్ఫటికాల్లాంటి తెల్లటి పలుకులు కట్టేవి. లెక్క తప్పేది. ఉండాల్సినదానికంటే కార్బన్ తక్కువ వచ్చేది. మళ్లీ చేశాడు, మళ్లీ తప్పింది.

ఆనందరావు ఒకటే మాట అన్నాడు.

"మలినం. నీ సరుకులో మురికి ఉంది."

అక్కడితో ఆగలేదు. సంస్థకు డబ్బులిచ్చే ఢిల్లీ కార్యాలయానికి పంపే నివేదికలో కూడా రాసేశాడు. ఈ పదార్థం శుద్ధి కాదు, ఈ దారిలో పని దండగ అని.

సీసాల గురించి చెప్పాలి. పరిశోధనాలయంలో మంచి విదేశీ సీసాలు ఉండేవి. వాటి బీరువా తాళంచెవి సీనియర్ రామ్‌చందర్ దగ్గర ఉండేది. సీమోను అడిగినప్పుడల్లా అవి అయిపోయేవి. అడగడం మానేసి, దస్తగీర్ దగ్గర ఖాళీ అత్తరు సీసాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. లెక్క రెండోసారి కూడా తప్పడంతో, కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక దస్తగీర్ మీదికి పోయాడు.

"గందగీ సీసాలు, మురికి సీసాలిచ్చినవ్ భాయ్. నా పని మొత్తం ఖరాబైంది."

దస్తగీర్ నెమ్మదైన మనిషి. కానీ సీసాలను అంటే ఊరుకోడు.

"అరే! నా సీసా గందగానా? మా అబ్బాజాన్ నింపిన ఖస్ అత్తరు గా మూలకున్నది, చూస్కో. అద్దం లెక్క ఉన్నదా లేదా? నీ మాల్ ఖరాబ్ పెట్టుకుని నా దుకాణం మీద లొల్లి చేస్తవా?"

సీమోను ఆ ఖస్ సీసాను దించి, వెంట తెచ్చిన తన సీసా పక్కన పెట్టి వెలుగులోకి ఎత్తాడు. ఖస్ సీసా నిర్మలంగా ఉంది. తన సీసా లోపలి గోడ మాత్రం ఊపిరి తగిలినట్టు మసకబారి ఉంది. పుల్లతో తడిమితే గరుగ్గా తగిలింది. తెప్పించిన చాయ్ తాగకుండానే లేచి పోయాడు. దస్తగీర్ వెనకనుంచి "మాఫీ అడిగి పో!" అని అరుస్తూనే ఉన్నాడు.

అత్తరు సీసాది చవక గాజు. ఇసుకలో సోడా కలిపి కరిగిస్తే ఆ గాజు వస్తుంది. అంటే ఆ గోడ నిండా సోడియమే. సీమోను పంజరం ఖాళీగా కూర్చోలేదు. గాజు గోడలోంచే సోడియాన్ని లాక్కుని లోపల పెట్టుకుంది. నూనె కాస్తా పలుకులైంది అందుకే. బరువులో సోడియం వచ్చి చేరితే కార్బన్ వాటా తగ్గదా మరి? అది మురికి కాదు. ఎవరూ అడగకుండానే ఆ అణువు తన పని తాను చేసి చూపించింది.

మర్నాడు ఆనందరావు గదిలో ఈ మాట చెప్పాడు. పలుకుల్ని ప్లాటినం తీగ కొసకు అంటించి మంటలో పెట్టాడు. మంట పసుపుపచ్చగా లేచింది. సోడియం గుర్తు అదే.

ఆనందరావు నవ్వాడు. "సోడియం దేనికైనా వస్తుందయ్యా. వేలు తగిలినా మంట పసుపవుతుంది. అది నీ చెమట." తీగను పక్కకు నెట్టి, "శుభ్రత అనేది ఇంట్లోంచి రావాలి. ఇక్కడికొచ్చాక నేర్పితే వచ్చేది కాదు," అన్నాడు.

పక్కనే ఉన్న రామ్‌చందర్ తల వంచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి.

ఏ ఇంట్లోంచి అన్నాడో సీమోనుకు తెలుసు. ఎల్లప్ప ఇంట్లోంచి, ఆగమ్మ ఇంట్లోంచి. ఇక్కడ ఒక మాట నేను అనాలి. మన దేశంలో ఒకడి అణువు పాడైతే ముందు అణువును చూడరు, వాడి వాడను చూస్తారు. ఈ ముక్క ఏ రసాయన శాస్త్ర గ్రంథంలోనూ నాకు కనిపించలేదు.

ఆ వారం చివర అందరూ కూర్చునే సమావేశం జరిగింది. సీమోను వంతు రాగానే లేచి నిలబడ్డాడు.

"సార్, మురికి నా చేతిల ఉన్నదన్నరు. మంచిది. గీసారి నేను ముట్టుకోను. ఒక అత్తరు సీసా, ఒక పాలిథీన్ సీసా, రెండు మీరే కడగండి. రామ్‌చందరన్న పోస్తడు. మీ బీరువాలనే పెట్టి తాళమెయ్యండి."

అందరూ ఆనందరావు వైపు తిరిగారు. కాదంటే భయపడ్డాడంటారు, అవునంటే చేతులు తడపాలి. ఆనందరావు చేతి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. ఆ రెండు సీసాలూ తీసుకుని తొట్టి దగ్గరికి నడిచాడు. అటెండర్ నర్సింహ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మీరెందుకు సార్, నేను కడుగుత..."

"వద్దన్నా," అన్నాడు సీమోను. "సారే కడగాలె."

ఆనందరావు కడిగాడు. ఆమ్లంతో కడిగి, శుద్ధమైన నీళ్లతో కడిగి, ఆరబెట్టాడు. ఆయన మెడ ఎర్రగా కందిపోయిందని నర్సింహ తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. అప్పుడే తయారైన పంజరం నూనెను రామ్‌చందర్ రెండు సీసాల్లో సగం సగం పోశాడు. పాలిథీన్‌లో సోడియం ఉండదు, తేడా అంతే. బీరువా తాళంచెవి ఆనందరావు జంధ్యానికే కట్టుకున్నాడని కొందరన్నారు. అది నేను నమ్మను. జేబులోనే వేసుకుని ఉంటాడు.

కొన్ని వారాల తర్వాత బీరువా తెరిచిన రోజు గది నిండిపోయింది. పాలిథీన్ సీసాలో నూనె నూనెలాగే ఉంది. అత్తరు సీసా గోడ నిండా తెల్లటి పలుకులు. రామ్‌చందర్ తీగను పాలిథీన్ సీసాలో ముంచి మంటలో పెట్టాడు. మంట పసుపెక్కలేదు. తీగ కడిగి అత్తరు సీసాలోది పెట్టాడు. మంట భగ్గున పసుపెక్కింది. ఈసారి ఎవరి చెమట అని ఎవరూ అడగలేదు.

ఆనందరావు సీమోనును గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"బావుంది. కానీ ఢిల్లీకి నేను వేరేలా రాశాను. ఇప్పుడు కాదంటే నా మాటకు విలువేముంటుంది? థీసిస్‌లో ఈ అధ్యాయం తీసెయ్. మిగతా అధ్యాయాలు చాలు, డిగ్రీ వస్తుంది. సంతకం నేను పెడతాను."

"తీస్తే మీరు రాసిందే నిలుస్తది సార్. అది మురికిదని."

"డాక్టరువవుతావయ్యా!"

"మురికి డాక్టర్నయిత."

ఫెలోషిప్పు ఆ నెలతో ముగిసింది. ఆనందరావు సంతకం పెట్టలేదు, సీమోను అధ్యాయం తీయలేదు. ఇంట్లో ఎల్లప్ప మూడు రోజులు ఓర్చుకుని, తర్వాత గల్లీ అంతా వినేలా అరిచాడు.

"లోపట ఏమున్నదో ఎవడు సదువుతడురా? పైన డాక్టరని ఉంటే సాలు గద! బాయిలర్ కాడ నా ఈపు కాలింది గిందుకేనా?"

"నువ్వు కాలిందని చెప్పుకుంటవు బాపు. నన్ను కాలలేదని రాయమంటున్నరు."

ఎల్లప్ప చాలా కాలం కొడుకుతో మాట్లాడలేదు. ఆగమ్మ మాత్రం తోటకూర కట్టలు కడుతూ, "ఆ సారుతోని బోళ్లు తోమించినవటగద బిడ్డా!" అని పదిమందిలో అడిగి అడిగి నవ్వేది.

సీమోను దబీర్‌పురా స్టేషన్ దగ్గరి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని ఆ అధ్యాయాన్నే వ్యాసంగా కొట్టాడు. సీసాలు కడిగింది ఎవరో, పోసింది ఎవరో చివర్లో పేర్లు పెట్టి కృతజ్ఞతలు చెప్పాడు. ఒక విదేశీ పత్రికకు పంపాడు. మీ సంస్థ ఏదని వాళ్లు అడిగారు. ఇంటి నంబరు, మాదన్నపేట, హైదరాబాదు అని రాసి పంపాడు. 1977లో అది అలాగే అచ్చయింది. అందరి పేర్ల కిందా విశ్వవిద్యాలయాలున్న ఆ పుటల్లో, ఇతని పేరు కింద మా గల్లీ ఉంది.

తర్వాత అతనికి ఒక చిన్న మందుల కంపెనీలో పరీక్షలు చేసే ఉద్యోగం దొరికింది. సెలవు రోజుల్లో అక్కడి ప్రయోగాల బల్ల వాడుకోనిచ్చారు. అక్కడ పాలిథీన్ సీసాల్లో ఇంకా మూడు పంజరాలు మొదలుపెట్టాడు. పొటాషియానికి ఒకటి, లిథియానికి ఒకటి తయారయ్యాయి, మూడోది ఇప్పటికీ అతనికి లొంగలేదు. లొంగినవన్నీ మాదన్నపేట చిరునామాతోనే అచ్చయ్యాయి. ప్రతులు పంపమని జర్మనీ నుంచి, జపాన్ నుంచి కార్డులు వచ్చేవి. మొదటి కార్డు పట్టుకుని పోస్ట్‌మన్ గుండయ్య మార్కెట్ అంతా తిరిగాడు.

"డాక్టర్ సీమోను ఎవరమ్మా? జర్మనీకెళ్లి కార్డొచ్చింది."

"డాక్టర్ ఎవ్వడు లేడు. సీమోను నా కొడుకు, ఇటియ్యి," అంది ఆగమ్మ. "గంత దూరంకెళ్లి వచ్చింది, తోటకూర పట్కపో."

1983లో ఒకసారి రామ్‌చందర్ మా గల్లీకి వచ్చాడు. అప్పటికి అతను డాక్టర్ రామ్‌చందర్. కారు గల్లీలో పట్టక నడిచి రావలసి వచ్చింది. ఆనందరావు రిటైరయ్యాడనీ, ఇప్పుడు సంతకం పెట్టేది తనేననీ చెప్పాడు. పాత థీసిస్ ఇస్తే ఆరు నెలల్లో డిగ్రీ ఇప్పిస్తానన్నాడు. లోపలి గదిలో ఎల్లప్ప మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నట్టున్నాడు.

సీమోను స్టవ్వు వెలిగించి చాయ్ పెట్టాడు.

"అధ్యాయం తోనేనా అన్నా?"

"ఉంటది, ఉంటది. జర మార్చాలె అంతే. ఎంతైనా పెద్దాయన, ఆయన పరువు గూడ చూడాలె గద. 'మలినం అయి ఉండవచ్చును, సోడియం కూడా అయి ఉండవచ్చును' అని ఒక్క లైను..."

"మంటలవెట్టి చూసింది నువ్వే గదన్నా. పసుపుపచ్చగా లేసిందా, లేదా?"

రామ్‌చందర్ గోడ వైపు చూశాడు. "లేసింది."

"చాయ్ల చక్కెర ఎంతెయ్యాలె?" అన్నాడు సీమోను. "తాగి పో."