ఊ కొట్టని సిస్టరమ్మ

పోయిన శుక్రవారం పొద్దున పాల అన్న మా గేటు దగ్గర క్యాను దించి, పాలు పోయకుండా నిలబడ్డాడు. "అక్కా, సిస్టరమ్మ ఇయ్యాల పేరు అడుగలే" అన్నాడు. నేను చెప్పులు వేసుకోకుండానే నాలుగిళ్ల అవతలికి పరుగెత్తాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నట్టే ఉన్నారు. నిద్రలోనే పోయారు.

పాల అన్న మాట తెలియనివాళ్లకు వింతగా ఉండవచ్చు. ఆమె సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరై, సంతోష్‌నగర్‌లో మా గల్లీలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో ఒక్కరే ఉండేవారు. ఎవరు తలుపు కొట్టినా లోపలినుంచి "పేరు చెప్పు" అనేవారు. ఏళ్ల తరబడి పాలు పోసేవాడైనా, రోజూ పోయే నేనైనా అంతే. "నేనే సిస్టరమ్మా" అంటే తలుపు తెరుచుకునేది కాదు. "నేనే అంటే ఎవ్వరు? లోకంల అందరు నేనేనాయె" అనేవారు. ఆమెకు మతిమరుపని గల్లీ పిల్లలు ఆట పట్టించేవాళ్లు. ఒకడు "నేను ముఖ్యమంత్రిని" అని అరిస్తే, "రా నాయినా, కుర్చీ తెచ్చుకున్నవా? నా ఇంట్ల ఒక్కటే ఉన్నది" అని తలుపు తీశారు.

అది మతిమరుపు కాదని నాకు తెలిసింది మా ఆయన పోయాకే.

మా ఆయన బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో లెక్కలు రాసేవారు. జ్వరం వచ్చి తగ్గకపోతే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాను. కాగితం పట్టుకుని ఒకమ్మాయి వచ్చి, తల ఎత్తకుండా గబగబా అడిగింది. షుగరుందా, బీపీ ఉందా, పడని మందులేం లేవు కదా? నేను "ఊ" అన్నాను. ఆమె టిక్కు పెట్టుకుని పోయింది. సాయంత్రం ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే ఆయన మొహం వాచింది, ఊపిరి అందలేదు. మళ్లీ ఇంటికి రాలేదు.

నేను అన్నీ రాసిపెట్టుకునే మనిషిని. పప్పు ఎప్పుడు తెచ్చాం, గ్యాస్ ఎప్పుడు మార్చాం, ఎవరికి ఏ మందు ఇచ్చారు, అన్నీ నా నోటుబుక్కులో ఉంటాయి. అంతకు మూడేళ్ల ముందు దగ్గుకు ఇచ్చిన ఒక మందుతో ఆయనకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయనీ, మళ్లీ వాడొద్దన్నారనీ నా చేతిరాతతోనే అందులో ఉంది. మందు పేరుతో సహా. పుస్తకం ఇంట్లో అల్మారాలో ఉంది. నేను అక్కడ ఊ అన్నాను. ఆ ఊకు లేవని అర్థమో, ఉన్నాయని అర్థమో, వింటున్నానని అర్థమో, ఇప్పటికీ నాకే తెలియదు.

పదకొండో రోజు దాటాక చుట్టాలు వెళ్లిపోయారు. "నీ రాత గంతే ఉన్నది" అని అందరూ అనేసి పోయారు. మధ్యాహ్నం సిస్టరమ్మ ఒక లాంగ్‌బుక్ పట్టుకుని వచ్చారు. ఎవరికీ చెప్పని ఊ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె ఓదార్చలేదు. పుస్తకం మొదటి పేజీ తెరిచి నా ముందు పెట్టారు.

"ఇది నాది. సదువు."

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వార్డులో ఆమె ఒక మనిషి పేరు పిలిచి, "నువ్వేనా?" అని అడిగారట. మంచంమీదున్న ముసలాయన ఊ అన్నాడు. సూది వేశారు. ఆ పేరు గలాయన అప్పుడు బాత్‌రూముకు పోయి ఉన్నాడు. ఊ అన్నాయనకు చెవులు సరిగా వినబడవు. ఆయన బతికాడు గానీ, మూడు రోజులు ఆమె అన్నం తినలేదు. పైవాళ్లు "లొల్లి చెయ్యకు, ఎక్కడా రాయకు" అన్నారు.

"భయంల ఉన్న మనిషి దేనికైనా ఊ అంటడు బిడ్డా. గందుకే నువ్వేనా అని అడుగొద్దు. పేరు చెప్పు అనాలె. ఏ మందు పడదో చెప్పు అనాలె. నేను అడిగింది తప్పు. నిన్ను అడిగింది గూడ తప్పే."

"నేను చెప్పకపోవడం?"

"అదీ రాయి. కానీ ఒక్కదానివే మోయకు."

రెండో పేజీ ఖాళీగా ఉంది. "ఇది నీకు. ఎప్పుడు రాస్తవో రాయి" అన్నారు. తన చేతులు వణుకుతున్నాయనీ, గీత గీసినట్టు వరసగా రాసేదాన్ని నేనేననీ చెప్పి, మూడో పేజీనుంచి పని నాకు అప్పగించారు.

అలా పదకొండేళ్లు. ఆస్పత్రిలో దెబ్బతిన్నవాళ్లు, దెబ్బతిన్నవాళ్ల ఇంటివాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆమె అడిగేవారు, నేను రాసేదాన్ని. ఏం జరిగింది, ఎవరు ఏమడిగారు, మీరేమన్నారు, ఇంకోచోట జరగకుండా ఏం చేయాలి. ఎవరి తప్పు అనే గడి మాత్రం ఉండేది కాదు. రాసిన ప్రతి పేజీ ఆమెకు చదివి వినిపించాలి. కథ చెబుతుంటే మనవాళ్లంతా ఊ కొడతారు కదా, ఆమె కొట్టేవారు కాదు. కళ్లు మూసుకుని, మంచంపట్టెమీద వేలు పెట్టి, చప్పుడు లేకుండా వినేవారు. అయిపోయాక ఒకటే మాట. "మళ్లోసారి సదువు." రెండోసారి చదివేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒక మాట నాకే తప్పుగా వినబడేది.

ఒకరోజు గాజులమ్మే ముస్లిం పెద్దావిడ, గల్లీలో అందరూ ఖాలా అని పిలిచే ఆమె, వచ్చింది. మందుల చీటీమీద రాత అర్థంకాక దుకాణంవాడు వేరే గోలీలు ఇస్తే ఆమె కోడలు నెలరోజులు మంచం దిగలేదు. "క్యా కరే సిస్టర్, ఖిస్మత్" అని ఏడ్చింది.

"ఖిస్మత్ బాద్ మే ఖాలా. పహలే చిఠ్ఠీ దిఖావ్" అన్నారు ఈమె. నావైపు తిరిగి, "తలరాత తర్వాత సూద్దాం. ముందుగాల డాక్టరు చేతిరాత సూడు" అన్నారు. ఖాలా ఏడుపులోనే నవ్వేసింది.

ఇద్దరం కూర్చుని ఒక అర్జీ రాశాం. ఆస్పత్రులకు గానీ, వాటిని నడిపే శాఖకు గానీ లోబడని సంస్థ ఒకటి కావాలని. అక్కడికి రోగులే కాదు, తప్పు చేసి భయపడే నర్సు కూడా వచ్చి చెప్పుకోగలగాలి. వాళ్లు కాగితాలు తెప్పించి చూడాలి, తేలింది అందరికీ తెలిసేలా చెప్పాలి, మిగతా ఆస్పత్రులు దిద్దుకున్నాయో లేదో మళ్లీ వెళ్లి చూడాలి. "శిక్షలకు కోర్టులున్నయి. మనకు కావాల్సింది చూసే కన్ను" అనేవారు. అర్జీకి నాలుగు పేజీలు నకలు తీసి జతచేశాం. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. తగు చర్య నిమిత్తం మా అర్జీని ఆ పేజీల్లో ఉన్న ఆస్పత్రులకే పంపారట. ఆమె పడీపడీ నవ్వారు. "పిల్లిమీద ఎలుక పెట్టిన అర్జీ పిల్లికే ఇచ్చిన్రు సూడు!" నవ్వి నవ్వి, కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, "ఇంకోటి రాయి బిడ్డా" అన్నారు. రాశాం. మళ్లీ రాశాం.

మేం అడిగిన ఆ సంస్థను ఇంకా ఎక్కడా తెరవలేదు.

సమాధి అయ్యాక ఆమె తమ్ముడి కూతురు సామాను సర్దుతూ నన్ను పిలిచి లాంగ్‌బుక్ చేతికిచ్చింది. "అత్తమ్మ మీకు ఇయ్యమని రాసిపెట్టింది." అట్టమీద నా పేరుంది, ఇంటిపేరుతో సహా. ఆయన పోయాక నా పూర్తి పేరు ఎవరి చేతిరాతలోనూ చూడలేదు. ఇంటికొచ్చి తెరిస్తే రెండో పేజీ అలాగే ఉంది. పదకొండేళ్లలో ఎంతమంది దుఃఖమో రాశాను, ఆ ఒక్క కాగితాన్ని ప్రతిసారీ తిప్పేసి దాటుకుపోయాను. ఆమె ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు.

నిన్న మధ్యాహ్నం అన్నం తిన్న గిన్నె కడిగి, కూర్చుని రాశాను. ఏమడిగారో, నేనేమన్నానో, నోటుబుక్కులో ఏముందో. పేజీ నిండింది. రాసింది వినిపించాలి కదా. లేచి ఆమె ఇంటికి పోయాను. ఓనరు తాళం వేశాడు. మెట్టుమీద కూర్చుని పుస్తకం తెరిచాను.

పాల అన్న ఖాళీ క్యాన్లతో తిరిగి వస్తూ బండి ఆపాడు. "ఏందక్కా, తాళంతోని ముచ్చట వెడుతున్నవా?" అన్నాడు. నా మొహం చూసి బండి తోసుకుంటూ కొంతదూరం పోయి, అక్కడ స్టార్ట్ చేసుకున్నాడు.

నేను మొదట నా పేరు చెప్పాను. తర్వాత చదివాను, మొదటినుంచి చివరిదాకా. లోపలినుంచి ఊ అని వినబడలేదు. ఆమె ఎప్పుడూ ఊ కొట్టింది లేదు. పేజీ మొదటికి వచ్చి, మళ్లోసారి చదివాను.