చిన్నాయన తిప్పిన వాల్వు

పోయిన నెల చిన్నాయన కాలం చేశాడని ఫోను వస్తే, కడపలో దొరికిన బస్సెక్కి మా ఊరికి వెళ్ళాను. అక్కడ చేరిన మనవలకు, మునిమనవలకు ఆయన నాలుగు తడవలు కౌన్సిలరుగా చేశాడని తెలుసుగానీ, మధ్యలో ఒకసారి ఎందుకు ఓడిపోయాడో ఎవరికీ తెలియదు. ఆ కాలం చూసిన మనబోటివాళ్ళతోనైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మైదుకూరు పోయే దారిలో మాదొక చిన్న మునిసిపాలిటీ. మా వీధి పల్లంలో ఉండేది, దాదాపు ప్రతి పెరట్లో ఒక చేదబావి. అదే వార్డులో పైన మిట్ట మీద బండల గనుల్లో పనిచేసేవాళ్ళ గుడిసెలు. కుళాయి నీళ్ళు మా వీధిలో ధారగా పడేవి. మిట్ట మీద కుళాయి కాసేపు గాలి ఊది ఊరుకునేది. పాడుబడ్డ గనిగుంతలో నిలిచిన నీళ్ళే వాళ్ళకు దిక్కు. చిన్నాయన చెడ్డవాడు కాదు, పెళ్ళికైనా చావుకైనా అందరికంటే ముందుండేవాడు, కానీ గెలిచిన మొదటి రెండు ఎన్నికల్లోనూ మిట్టకు నీళ్ళెక్కిస్తానని చెప్పి రెండుసార్లూ దాటవేశాడు. అక్కడికి నీళ్ళెక్కాలంటే రోజూ గంటసేపు మా వీధి వాల్వు కట్టేయాలని ఇంజనీరు ఎప్పుడో చెప్పాడట. మా వీధంతా మావాళ్ళే, ఆయనను గెలిపించిందీ వాళ్ళే.

నేను అప్పుడు మిట్ట మీద బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. ఆ ఏడు వానలు లేక గుంతలో నీళ్ళు బాగా కిందికి దిగిపోయాయి. ఒక ఉదయం, నా దగ్గర రెండో తరగతి చదివే పిల్ల తల్లి బిందె ముంచబోయి, నాచు పట్టిన బండ మీద కాలుజారి లోపల పడిపోయింది. పైకి తీసేటప్పటికే ప్రాణం పోయింది. కబురు తెలిసి చిన్నాయన వచ్చాడు. ఎవరూ తిట్టలేదు, కొట్టడానికి రాలేదు. చనిపోయినామె అత్త మాత్రం తల ఎత్తి, "ఓట్లకొచ్చినప్పుడల్లా నీళ్ళిస్తానంటివి గదప్పా, యాడ ఉండాయి నీళ్ళు?" అంది. ఆయన తెల్లపంచెతోనే ఆ దుమ్ములో కూలబడి, శవాన్ని ఎత్తేదాకా లేవలేదు.

మరునాడు పొద్దున్నే కుళాయిల మనిషిని వెంటబెట్టుకుని వచ్చి, మా వీధి మొదట్లో ఉన్న వాల్వును తన చేత్తోనే తిప్పాడు. మా నాన్న గడప దాటి బయటికొచ్చి, "ఏమిరా, గెలిపించిన ఈదికే నీళ్ళు ఆపుతాండావా?" అని కేకలేశాడు.

"మనకు బావులుండాయి గదన్నా. వాళ్ళకు ఆ గుంత తప్ప ఏముండాది?" అన్నాడు చిన్నాయన, తల వంచుకునే.

ఆ రోజు నుంచి మిట్టకు రోజూ గంటసేపు నీళ్ళెక్కాయి, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. ఒకే గోడకు అటూ ఇటూ ఉండి, పండగలకు కూడా రాకపోకలు లేవు. తర్వాతి ఎన్నికల్లో మా వీధి కట్టకట్టుకుని ఆయనను ఓడించింది. కొత్తగా గెలిచినాయన ఆ గంటసేపు కూడా వాల్వు తెరిచే ఉంచాలని చూస్తే, మిట్ట ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మునిసిపల్ ఆఫీసు ముందు కూర్చున్నారు. పదవి లేని చిన్నాయన వాళ్ళ వెనక వరుసలో చతికిలబడ్డాడు. వాల్వు జోలికి మరెవరూ పోలేదు.

ఐదేళ్ళు గడిచి చిన్నాయన మళ్ళీ నిలబడినప్పుడు, అప్పటికే ఆయాసంతో బాధపడుతున్న మా నాన్న రిక్షాలో పోయి ఓటేసి, ఎవరికి వేసిందీ చెప్పకుండా నేరుగా తమ్ముడి ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. పిన్నమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు.

ముసలితనంలో ఒకసారి ఆయన్ని, అంత ధైర్యం ఎట్లా వచ్చింది చిన్నాయనా అని అడిగాను. "ధైర్యం యాడిది పాపా. వాల్వు తిప్పేకి శానా సేపు పట్టలేదు. నేను పోయి తిప్పేకి ఏండ్లు పట్టింది. ఆ పిల్ల తల్లి అంతవరకు ఆగలేకపాయె," అన్నాడు.

ఇప్పుడు మిట్ట మీద అన్నీ మిద్దెలే, ఇంటింటికీ కుళాయి ఉంది. దేనికీ ఎవరి గడపా తొక్కనక్కరలేదు, అది మంచిదే. కానీ జరిగిన ఆలస్యాన్ని తన మెడకే వేసుకుని, చచ్చేదాకా దించుకోని మనిషి నాకు ఈ మధ్య ఎక్కడా కనబడలేదు. ఎక్కడో ఉండే ఉంటారు. నాకే చూపు ఆనడం లేదేమో.